మా తాత దిగిన గని

మా తాత తిరుత్తణి దగ్గరి పల్లె వదిలి కోలారు బంగారు గనికి కూలికి పోయాడు. తిరుత్తణి అప్పట్లో చిత్తూరు జిల్లాలోదే; 1960లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. తిరువళ్ళూరులో ఉండే మా నాన్నగారికి ఎనభై దాటాయి. "మా నాయన దిగిన గని ఫోటో ఒక్కటి తెచ్చి చూపించరా" అన్నారు. కెమెరా భుజాన వేసుకుని రైలెక్కాను. బంగారుపేటలో బండి మారి, లైను చివరనున్న మారికుప్పంలో దిగాను.

లోపలి పాత యంత్రాలను ఫోటో తీయాలని నా ఆశ. అక్కడి ఛాంపియన్ రీఫ్ గని లోతు సుమారు 3.2 కిలోమీటర్లు. 1902లోనే శివసముద్రం నుంచి కరెంటు వచ్చి ఆ గనుల యంత్రాలను నడిపింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నీళ్ళు తోడే పంపులు ఆగాయి, సొరంగాలు మునిగాయి. నా కెమెరాకు లోపలికి దారి లేదు.

రోడ్డు మీదే నిలబడి షాఫ్టు మీది ఇనుప గోపురాన్ని, దాని పైనున్న తుప్పు పట్టిన చక్రాన్ని తీశాను. కూలీల బోనును దించే తాడు ఆ చక్రం మీదుగానే నడిచేది.

నాన్నగారు ఆ ఫోటోను చాలాసేపు చూశారు. "ఇది తిరుగుతుంటే, నాయన పైకొస్తున్నాడని మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది" అన్నారు.

తాత ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఆ చక్రానికే పటం కట్టించాం. మీ ఇంట్లోనూ పెద్దలుంటే, వాళ్ళు పనిచేసిన చోటును ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి.