గేమింగ్ కంప్యూటరు, గుమ్మఘట్ట ఎండ

గుమ్మఘట్ట నుంచి ఒక డిగ్రీ విద్యార్థి ఉత్తరం రాశాడు. చేతిలో 70 వేలున్నాయట, గేములు ఆడుకోవడానికి కంప్యూటరు సొంతంగా అసెంబుల్ చేసుకుంటాడట. ‘ఏ ప్రాసెసర్, ఏ గ్రాఫిక్స్ కార్డు కొనమంటారు? మా ఊళ్లో ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, గదిలో ఏసీ లేదు. తట్టుకుంటుందా?’ అని అడిగాడు. మొదటి ప్రశ్నకు నాలుగు మాటలు చాలు. రెండోది మాత్రం నన్ను వదలడం లేదు.

ముందు ఆ నాలుగు మాటలు. గేములో బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు కనుక డబ్బులో సుమారు 40 శాతం దానికే పెట్టాలి. ప్రాసెసర్‌కు ఆరు కోర్లు చాలు. రైజెన్ 5 7600 లాంటిదైతే మంచిదే. ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్‌గా కాక, 8 జీబీవి రెండు తీసుకుంటే ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య దారి రెండింతలవుతుంది. ర్యామ్ ధర విని గుండె గుభేలుమంటే తప్పు దుకాణదారుది కాదు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగరేసుకుపోతున్నాయి. క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారం మానేస్తున్నామని మైక్రాన్ సంస్థ 2025 డిసెంబరులో ప్రకటించేసింది.

ఇక అసలు కథ. చిప్ ఎందుకు వేడెక్కుతుంది? కరెంటు పారుతుంది, రెసిస్టెన్స్ అడ్డుపడుతుంది, వేడి పుడుతుంది అంటారు చాలామంది. తప్పు కాదు. కానీ రెసిస్టెన్స్ ఎంతైనా సరే, పుట్టే వేడి మాత్రం మారదు! ఇందులో అందమంతా అక్కడే ఉంది.

చిప్‌లో ప్రతి ట్రాన్సిస్టర్ గేటూ ఒక బుల్లి కెపాసిటర్. సున్నా నుంచి ఒకటికి మారాలంటే అందులో చార్జి నింపాలి, మళ్లీ సున్నా కావాలంటే వదిలేయాలి. మేడ మీది ట్యాంకు నుంచి పైపు వేసి, నేల మీద నిలబెట్టిన పొడుగాటి గొట్టాన్ని ట్యాంకు నీటిమట్టం దాకా నింపుతున్నారనుకోండి. నీళ్లు కిందికి దూకేటప్పుడు వాటి శక్తిలో సరిగ్గా సగం సుడులు తిరిగి వేడిగా పోతుంది. పైపు సన్నదైతే నెమ్మదిగా, లావుదైతే గబగబా నిండుతుంది. పోయే సగం మాత్రం సగమే. మిగిలిన సగం గొట్టంలో ఉంటుంది. తర్వాత ఆ నీళ్లను నేలపాలు చేస్తారు. భైరవానితిప్ప డ్యామ్ ఎప్పుడు నిండుతుందా అని ఎదురుచూసే గుమ్మఘట్ట మండలంలో ఈ పని చేస్తే ఊరు ఊరుకోదు. చిప్ మాత్రం దీన్నే సెకనుకు కోట్ల సార్లు చేస్తుంది.

ఇప్పుడు ట్యాంకును రెండింతల ఎత్తుకు పెంచండి. గొట్టంలో పట్టే నీళ్లు రెట్టింపు, ప్రతి చుక్కా దూకే ఎత్తూ రెట్టింపు. ఖర్చు నాలుగింతలు. ట్యాంకు ఎత్తే వోల్టేజీ. అందుకే స్విచింగ్ వల్ల ఖర్చయ్యే పవర్ అంటే కెపాసిటెన్స్ ఇంటూ వోల్టేజీ వర్గం ఇంటూ ఫ్రీక్వెన్సీ. ఆ వర్గం అనే మాటలోనే మన డబ్బు దాగుంది. 1.05 వోల్టుల మీద నడిచే చిప్‌ను అదే వేగంతో 0.95 మీద నడపగలిగితే ఈ ఖర్చు 18 శాతం తగ్గిపోతుంది.

1974లో ఐబీఎం ఇంజనీరు రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు ఒక కిటుకు రాసిపెట్టారు. ట్రాన్సిస్టర్‌ను ఎంత చిన్నది చేస్తే వోల్టేజీని అంత తగ్గించండి, వేగం పెరిగినా చదరపు మిల్లీమీటరుకు వేడి పెరగదు అని. నేడు ధర మండిపోతున్న ఆ ర్యామ్‌లో ప్రతి బిట్‌నూ ఒకే ట్రాన్సిస్టర్‌తో దాచే పద్ధతి కూడా ఆయనదే. 1968లో పేటెంట్ వచ్చింది. వోల్టేజీ తగ్గించే ఆయన సూత్రం మూడు దశాబ్దాలు నడిచింది. వోల్టేజీని మరీ తగ్గిస్తే మూసి ఉన్న ట్రాన్సిస్టర్ కూడా కారడం మొదలెడుతుంది కనుక 2005 ప్రాంతంలో ఆగిపోయింది.

ఆ హద్దు దగ్గరపడటం చూసి కూడా పప్పులో కాలేసింది సాక్షాత్తూ ఇంటెల్. ఈ లెక్కనే పోతే చిప్‌లు అణు రియాక్టర్‌లా, ఆపైన రాకెట్ నాజిల్‌లా, చివరికి సూర్యుడి ఉపరితలంలా వేడెక్కుతాయని ఆ సంస్థకే చెందిన పాట్ గెల్సింగర్ 2001లో హెచ్చరించాడు. అయినా ఇంటెల్ వారి ‘పెంటియం 4’ చిప్ గిగాహెర్ట్జ్‌ల వెంట పరుగెత్తింది. 10 గిగాహెర్ట్జ్ చిప్ వస్తుందని ఊరించారు. 2004 మేలో తేజస్ అనే తర్వాతి చిప్‌ను ఆపేశారు. అక్టోబరులో 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 కూడా రద్దయింది. అప్పటి సీఈవో క్రెయిగ్ బారెట్ నిండు సభలో మోకాళ్ల మీద కూర్చుని సరదాగా క్షమాపణ అడిగాడు. గెలిచింది మాత్రం భౌతికశాస్త్రం!

వేడి తగ్గించే దారి అప్పటికే కొందరు చూపించారు. 1992లో బర్క్‌లీలో అనంత చంద్రకాసన్, ఆయన సహచరులు ఒకే సర్క్యూట్‌ను వేగంగా తిప్పే బదులు అలాంటివి రెండు పెట్టి సగం వేగంతో తిప్పారు. పని అంతే జరిగింది. తొందర లేదు కనుక వోల్టేజీ 5 నుంచి 2.9కి దిగింది, పవర్ 0.36 వంతుకు పడింది. మీ గ్రాఫిక్స్ కార్డు ఆ బాటలోదే. ఆర్‌టీఎక్స్ 5060లో 3840 కోర్లు దాదాపు 2.5 గిగాహెర్ట్జ్‌తో కలిసికట్టుగా పనిచేస్తాయి, అదీ 145 వాట్లతో.

గుమ్మఘట్ట ఎండకు ఇదెలా పనికొస్తుంది? ఫ్యాన్ చిప్‌ను గది గాలి కంటే చల్లగా చేయలేదు. రెంటి మధ్య తేడాను ఒక హద్దులో ఉంచుతుంది, అంతే. ఆ తేడా 45 డిగ్రీలనుకుంటే, 25 డిగ్రీల గదిలో చిప్ 70 దగ్గర, 42 డిగ్రీల గదిలో 87 దగ్గర ఉంటుంది. ఇక్కడ 18 శాతం పవర్ తగ్గిస్తే తేడా 37కి దిగి, చిప్ 80కి కాస్త అటూఇటుగా నిలుస్తుంది. పైగా కంప్యూటరు తాగే ప్రతి వాటూ చివరికి గదిలో వేడే. చిప్‌లన్నీ ఒకేలా ఉండవు కనుక తయారీదారు అన్నిటికీ కాస్త ఎక్కువ వోల్టేజీ పెట్టి పంపుతాడు. దాన్ని ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో, ఏఎండీ కార్డయితే ఆడ్రినలిన్‌లో మెల్లగా తగ్గించుకుంటూ పోవచ్చు. గేమ్ క్రాష్ అయిందంటే ఒక మెట్టు వెనక్కి రండి. దీనికి పైసా ఖర్చు లేదు.

కాబట్టి తట్టుకుంటుంది, బాబూ. బెంగళూరు ఎస్పీ రోడ్డు దుకాణాలకే వెళ్తారో, ఆన్‌లైన్‌లోనే కొంటారో మీ ఇష్టం. కార్డు ఎంచుకునేటప్పుడు ఎఫ్‌పీఎస్‌తో పాటు వాట్లు కూడా చూడండి. క్యాబినెట్‌కు ముందు జాలీ ఉండాలి. అద్దం తలుపులూ రంగురంగుల లైట్లూ గాలిని లోపలికి తేవు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఆడే ఆలోచన ఉంటే అది ప్యూర్ సైన్ వేవ్‌దే కావాలి, స్క్వేర్ వేవ్ అంటే కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లకు (కంప్యూటరు పవర్ సప్లైలకు) పడదు. ఇక ‘ఓసీ (ఓవర్‌క్లాక్) ఎడిషన్’ అని పెట్టె మీద మెరుపు అక్షరాలతో ఎక్కువ ధరకు అమ్ముతారే, అది నాలుగు ఫ్రేముల కోసం ట్యాంకును ఇంకా ఎత్తుకు లేపడమే. ఆ డబ్బు మంచి ఎస్‌ఎంపీఎస్ మీద పెట్టండి.