నెల్లూరు సాగర తీరంలో మారుతున్న పారిశ్రామిక భవన నిర్మాణ రీతులు

నెల్లూరు: కృష్ణపట్నం ఓడరేవు 2008లో ప్రారంభమైన నాటి నుండి నెల్లూరు తీర ప్రాంత రూపురేఖలు గణనీయంగా మారాయి. ముత్తుకూరు మండలంలో థర్మల్ విద్యుత్ కేంద్రాలు, గిడ్డంగులు, నూనె శుద్ధి కర్మాగారాలు వెలిశాయి. చెన్నై-బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌లో భాగమైన కృష్ణపట్నం పారిశ్రామిక ప్రాంతానికి కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరు 30న రూ. 2,139.44 కోట్ల అంచనా వ్యయంతో ఆమోదం తెలుపగా, ప్రధానమంత్రి 2025 జనవరి 8న శంకుస్థాపన చేశారు. ఈ నేపథ్యంలో తీరంలో నిర్మించే భవనాలు ఉప్పుగాలిని, తుపానులను ఏ మేరకు తట్టుకోగలవన్నది కీలకాంశమైంది.

ఉక్కు చట్రాల భవనాలు

గతంలో కర్మాగారాలను ఇటుక గోడలు, కాంక్రీటు స్తంభాలతో నిర్మించేవారు. ఇప్పుడు స్తంభాలు, దూలాలను ఫ్యాక్టరీలో ముందుగానే తయారు చేసి, నిర్మాణ స్థలంలో బోల్టులతో బిగించే ప్రీ ఇంజినీర్డ్ విధానం విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. దీనివలన నిర్మాణ కాలం తగ్గుతుంది. మధ్యలో స్తంభాలు లేని విశాలమైన స్థలం లభిస్తుంది. అయితే ఈ భవనాలు తేలికైనవి కావడంతో, పైకప్పును పైకి లాగే గాలి శక్తిని ప్రత్యేకంగా లెక్కించవలసి ఉంటుంది.

తుపాను గాలులకు తగిన రూపకల్పన

1989 నవంబరులో కావలి సమీపంలో తీరం దాటిన పెను తుపాను జిల్లాకు మరువరాని పాఠం. భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన ఐఎస్ 875 మూడవ భాగం నెల్లూరుకు సెకనుకు 50 మీటర్ల, అనగా గంటకు 180 కిలోమీటర్ల మూల గాలి వేగాన్ని నిర్దేశించింది. 2015 సవరణలో తూర్పు తీరం వెంబడి 60 కిలోమీటర్ల మేరకు తుపాను గుణకాన్ని చేర్చడం జరిగింది. దీని ప్రకారం పారిశ్రామిక కట్టడాలకు గాలి వేగాన్ని 1.15తో, తుపాను అనంతరం సేవలందించవలసిన ఆసుపత్రుల వంటి భవనాలకు 1.30తో హెచ్చించాలి. గాలి పీడనం వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, పారిశ్రామిక కట్టడంపై లెక్కించవలసిన ఒత్తిడి సుమారు 32 శాతం అధికమవుతుంది. పాత నమూనాను యథాతథంగా వాడితే ఈ తేడా మేరకు షెడ్డు బలహీనంగా ఉన్నట్లే. గాలి లాగుడు పైకప్పు అంచుల వద్ద, మూలల వద్ద అధికంగా ఉంటుంది కనుక అక్కడ రేకుల స్క్రూలను దగ్గర దగ్గరగా బిగించాలి. పెద్ద షట్టర్ ఊడితే లోనికి చొరబడిన గాలి కప్పును లోపలి నుండి ఎత్తివేస్తుంది. షట్టర్లు సైతం అంతే దృఢంగా ఉండాలి.

ఉప్పుగాలి - కాంక్రీటు మన్నిక

సముద్రపు గాలిలోని క్లోరైడులు కాంక్రీటులోకి క్రమంగా చొచ్చుకొని పోయి లోపలి ఊచలకు తుప్పు పట్టిస్తాయి. తుప్పు ఉక్కు కంటే ఎక్కువ చోటు ఆక్రమించడంతో కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడుతుంది. దీనిని నివారించేందుకు 2000లో సవరించిన ఐఎస్ 456 ప్రమాణం తీర వాతావరణానికి గురయ్యే కాంక్రీటుకు కనీసం ఎం30 గ్రేడు, ఘనపు మీటరుకు 320 కిలోల సిమెంటు, 0.45కు మించని నీరు-సిమెంటు నిష్పత్తి, ఊచలపై 45 మిల్లీమీటర్ల కవరు నిర్దేశించింది. సముద్రపు తుంపరలు పడే చోట ఎం35 గ్రేడు, 50 మిల్లీమీటర్ల కవరు అవసరం.

ఉప్పు వెలుపలి నుండే గాక, వాడే నీటి నుండి, ఇసుక నుండి కూడా చేరగలదు. ఊచలు గల కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడులు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించరాదు. తీర గ్రామాల బోరు నీటిని పరీక్షించిన పిమ్మటే వినియోగించాలి.

బూడిద వినియోగం

నేలటూరులోని శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నాయి. ఇటువంటి కేంద్రాల నుండి వెలువడే బూడిద సిమెంటు, ఇటుకల తయారీకి ముడిసరుకు. బూడిదను నూరు శాతం వినియోగించే బాధ్యతను 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ విద్యుత్ కేంద్రాలపైనే ఉంచింది. నాణ్యమైన బూడిద కలిసిన సిమెంటు కాంక్రీటులోని సూక్ష్మ రంధ్రాలను తగ్గించి క్లోరైడులను నిరోధిస్తుంది. అయితే ఇది నెమ్మదిగా బలపడుతుంది. అందుచేత సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు తడిపితే సరిపోగా, దీనికి కనీసం 10 రోజులు, వేడి, పొడి వాతావరణంలో 14 రోజులు తడపాలని ప్రమాణం సూచిస్తున్నది. గడువు కోసం తడపడం తగ్గిస్తే బూడిద వలన కలిగే మేలు దక్కదు.

ఆదిలోనే జాగ్రత్త

గాలి లెక్కలు, కవరు మందం, నీటి పరీక్ష వంటి అంశాలను అనుమతుల దశలోనే పరిశీలించడం మేలు. పోత పోసిన తరువాత కవరును పెంచడం సాధ్యం కాదు. పగిలిన స్తంభాల మరమ్మతుకు ఉత్పత్తి నిలిపివేయవలసి రావచ్చు. తుపాను వేళ ఆ కప్పు కింద ఉండే కార్మికుల భద్రత సైతం ఈ జాగ్రత్తలపైనే ఆధారపడి ఉన్నది.