తగ్గని జ్వరం, చంపలేని కణం

మెడికల్ బిల్లులు చూసే సీట్లో కూర్చున్నవారికి ఫెర్రిటిన్ పరీక్ష పేరు కొత్త కాదు. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో తెలుసుకోవడానికి రాస్తారు. కానీ పసిబిడ్డకు వారం దాటినా జ్వరం దిగక, ప్లీహం ఉబ్బి, రక్తకణాలు పడిపోతున్నప్పుడు డాక్టరు అదే పరీక్ష రాస్తే, ఆయన అనుమానం వేరు. హెచ్‌ఎల్‌హెచ్ అనే అరుదైన జబ్బులో ఈ అంకె వేలల్లోకి పోతుంది.

మన రక్తంలో కిల్లర్ కణాలు ఉంటాయి. వైరస్ సోకిన కణాన్ని పట్టుకుని, పెర్ఫోరిన్ అనే ప్రోటీనుతో దాని గోడకు చిల్లులు పెడతాయి. ఆ దారిన గ్రాంజైములు లోపలికి వెళ్లి దాన్ని చంపుతాయి. పని కాగానే కిల్లర్ కణం వదిలేసి వెళ్లిపోతుంది. పెర్ఫోరిన్ జన్యువు చెడితే చంపడం కుదరదు. అయినా పట్టు వదలదు. మామూలుకన్నా సుమారు ఐదు రెట్ల సేపు అతుక్కునే ఉండి, సాయం కోసం ఇంటర్‌ఫెరాన్ గామా వంటి రసాయనాలు వదులుతూనే ఉంటుందని 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. వాటితో రెచ్చిపోయిన మాక్రోఫేజ్ కణాలు ఎముక మజ్జలో మన రక్తకణాలనే మింగుతాయి. రోగనిరోధక శక్తి తక్కువైతే జబ్బులొస్తాయని వింటూ పెరిగాం. ఇక్కడ అది ఆగకపోవడమే జబ్బు!

1952లో ఎడిన్‌బరోలో ఒకే ఇంటి పిల్లల్లో ఈ జబ్బును వర్ణించారు. పెర్ఫోరిన్ లోపం బయటపడింది 1999లో. పెర్ఫోరిన్ బాగానే ఉన్నా, దాన్ని కణం అంచుదాకా చేర్చి బయటికి వదిలే ప్రోటీన్లలో లోపమున్నా ఫలితం అదే. అలాంటి జన్యువులు తర్వాత మరికొన్ని దొరికాయి.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడినవి వస్తేనే జబ్బు. ఒక్క ప్రతి చెడినవారు ఆరోగ్యంగానే ఉంటారు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. స్వీడన్‌లో సుమారు 50,000 జననాలకు ఒకరిలో కనిపించింది. మన తెలుగు ఇళ్లలో మేనరికాలు మామూలు. మేనమామ, మేనకోడలు సగటున నాలుగో వంతు జన్యువులు పంచుకుంటారు, మేనత్త కొడుకు, మేనమామ కూతురు ఎనిమిదో వంతు. దాగి ఉన్న ఒకే లోపం రెండువైపుల నుంచీ వచ్చే అవకాశం అక్కడ పెరుగుతుంది. కోడలిని నిందించడానికి మాత్రం ఇందులో ఏమీ లేదు, ఇద్దరిదీ సమాన వాటా.

ఇటు ముదలియార్‌పేటలోనూ, మనవాళ్లుండే యానాంలోనూ ఇంకో చిక్కుంది. డెంగీ, స్క్రబ్ టైఫస్ ముదిరినా ఇవే లక్షణాలు రావచ్చు. జన్యులోపం లేకుండానే ఇన్‌ఫెక్షన్ వల్ల హెచ్‌ఎల్‌హెచ్ వస్తుంది కూడా. స్క్రబ్ టైఫస్ అయితే డాక్సీసైక్లిన్‌తో లొంగుతుంది. అందుకే ముందు ఇన్‌ఫెక్షన్ వెతుకుతారు. పసివాళ్లకు వచ్చినా, తగ్గి మళ్లీ తిరగబెట్టినా, అక్కకో అన్నకో ఇలాగే అయిందన్నా జన్యుపరీక్ష అడుగుతారు. మొదటి బిడ్డ ‘జ్వరంతో పోయింది’ అన్న సంగతిని దయచేసి డాక్టరు దగ్గర దాచకండి.

చికిత్సలో డెక్సామెథసోన్‌తో పాటు ఎటోపోసైడ్ ఇస్తారు. అది క్యాన్సర్ మందని గూగుల్‌లో చూసి హడలిపోనక్కర్లేదు, రెచ్చిపోయిన కణాలను అణచడానికే ఇస్తారు. ఒకప్పుడు దాదాపు ఎవరూ బతకని ఈ జబ్బులో, 1994లో మొదలైన చికిత్సా విధానంతో సగానికి పైగా పిల్లలు ఐదేళ్లు దాటారు.

జన్యులోపం ఉన్నవారికి శాశ్వత పరిష్కారం మూలకణాల మార్పిడి. తోబుట్టువు మజ్జ సరిపోతే ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. కానీ ఆ తోబుట్టువుకూ అదే జబ్బు ఉండే అవకాశం నాలుగింట ఒకటి, ఇంకా బయటపడకపోయి ఉండవచ్చు. అందుకని చలాకీగా తిరుగుతున్న ఆ బిడ్డకూ ముందు జన్యుపరీక్ష చేస్తారు. ఇంట్లో లోపం ఏదో తేలితే, తర్వాతి కాన్పులో 11వ వారం నుంచే మాయ ముక్క తీసి చూసే వీలుంది.