యూసుఫా ముకోకో

యూసుఫా ముకోకో జర్మనీకి చెందిన వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారుడు. ఇతడు ఫార్వర్డ్, అంటే ప్రత్యర్థి గోల్‌కు దగ్గరగా ఉంటూ గోల్స్ చేయడమే ముఖ్య బాధ్యతగా గల ఆటగాడు. 2004 నవంబరు 20న కామెరూన్ రాజధాని యవుందేలో జన్మించాడు. జర్మనీలో పురుషుల ఫుట్‌బాల్‌కు అత్యున్నత స్థాయి పోటీ బుందెస్‌లీగా. 2020 నవంబరు 21న, పదహారేళ్ళు నిండిన మరునాడే, బొరుస్సియా డార్ట్‌మండ్ తరఫున బరిలోకి దిగి ఆ పోటీ చరిత్రలో అతి పిన్న వయస్కుడైన ఆటగాడిగా నిలిచాడు. ఇతడి పేరు ఎక్కువగా వయసుకు సంబంధించిన రికార్డులతోనే వినిపిస్తుంది. అయితే అంత చిన్న వయసులో దక్కిన అవకాశం పెద్దల జట్టులో స్థిరమైన చోటుగా మారడం ఎంత కష్టమో కూడా ఇతడి క్రీడాజీవితం తెలియజేస్తుంది.

బాల్యం, బాలుర జట్లు

ముకోకో బాల్యం యవుందేలో గడిచింది. 2014లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ఉంటున్న తండ్రి వద్దకు వచ్చాడు. అక్కడి సాంక్ట్ పౌలీ క్లబ్బు బాలుర జట్లలో ఆడుతూ పెద్ద క్లబ్బుల దృష్టిలో పడ్డాడు. 2016లో బొరుస్సియా డార్ట్‌మండ్ ఇతడిని తన శిక్షణ విభాగంలో చేర్చుకుంది.

అప్పట్లో జర్మనీలో 17 ఏళ్ళ లోపువారికి, 19 ఏళ్ళ లోపువారికి వేర్వేరుగా బాలుర బుందెస్‌లీగాలు ఉండేవి. ఒక్కొక్కటి మూడు ప్రాంతీయ విభాగాలుగా జరిగేది. డార్ట్‌మండ్ పశ్చిమ విభాగంలో ఆడేది. 2017లో ముకోకో 17 ఏళ్ళ లోపువారి జట్టులో అడుగుపెట్టేనాటికి అతడి వయసు పన్నెండేళ్ళే. ఆ వయసులో నాలుగేళ్ళ తేడా అంటే ఎత్తులోనూ, బరువులోనూ, పరుగులోనూ చాలా పెద్ద తేడా. అయినా రెండు సీజన్లలో ఆ స్థాయిలో 56 మ్యాచ్‌లాడి 90 గోల్స్ చేశాడు. 2019 ఆగస్టులో 19 ఏళ్ళ లోపువారి జట్టు తరఫున ఆడిన తొలి మ్యాచ్‌లోనే వుప్పర్టాల్ జట్టుపై ఆరు గోల్స్ సాధించాడు. 2019-20 సీజన్‌లో అదే లీగులో 20 మ్యాచ్‌లలో 34 గోల్స్ చేశాడు.

వయసు గురించిన వివాదం

ఈ అంకెలే అనుమానాలకు కూడా దారితీశాయి. పన్నెండేళ్ళ బాలుడు ఇన్ని గోల్స్ చేయడం సాధ్యమా, నమోదైన పుట్టినతేదీ సరైనదేనా అని 2017లో జర్మన్ పత్రికలలో చర్చ జరిగింది. పుట్టిన వెంటనే యవుందేలోని జర్మన్ దౌత్య కార్యాలయంలో జననాన్ని నమోదు చేయించినట్లు తండ్రి ప్రకటించాడు. క్లబ్బు, జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య ఆ పత్రాలను ఆమోదించాయి. అయినప్పటికీ ఈ అనుమానాలు తరువాతి సంవత్సరాలలో కూడా పూర్తిగా సద్దుమణగలేదు. ఇతడి రికార్డులన్నీ అధికారికంగా నమోదైన పుట్టినతేదీ ఆధారంగా లెక్కించినవే.

2017 సెప్టెంబరులో ముకోకో జర్మనీ 16 ఏళ్ళ లోపువారి జాతీయ జట్టు తరఫున ఆడాడు. ఆ తరువాత ప్రచారపు ఒత్తిడి నుండి బాలుడిని కాపాడటానికని కొంతకాలం ఇతడిని జాతీయ జట్టుకు పిలవలేదు. గోల్స్ సంఖ్య చూస్తే ఇది వింత నిర్ణయంగా కనిపించవచ్చు గానీ, పన్నెండేళ్ళ పిల్లవాడి పుట్టినతేదీపై దేశమంతా చర్చ జరుగుతున్న పరిస్థితిలో అది సబబైనదే.

నిబంధన మార్పు, బుందెస్‌లీగా ప్రవేశం

బుందెస్‌లీగాలో ఆడటానికి పూర్వం కనీస వయసు పదహారున్నర సంవత్సరాలు. ఆ నిబంధన ప్రకారం ముకోకో 2021 మే వరకు, అంటే దాదాపు సీజన్ ముగిసేవరకు, వేచి ఉండవలసి వచ్చేది. 2020లో లీగు క్లబ్బులు ఈ పరిమితిని పదహారు సంవత్సరాలకు తగ్గించాయి. మార్పు అందరికీ వర్తించేదే అయినా, దానివల్ల వెంటనే లాభపడేది ఎవరో అందరికీ తెలుసు.

2020 నవంబరు 21న బెర్లిన్ ఒలింపిక్ స్టేడియంలో హెర్తా జట్టుతో జరిగిన మ్యాచ్‌లో డార్ట్‌మండ్ 5-2తో గెలిచింది. ఆ మ్యాచ్‌లో నాలుగు గోల్స్ చేసిన నార్వే ఆటగాడు ఎర్లింగ్ హాలండ్ స్థానంలో 85వ నిమిషంలో ముకోకో మైదానంలోకి వచ్చాడు. అప్పటికి అతడి వయసు 16 సంవత్సరాల 1 రోజు. అంతకు ముందున్న రికార్డు కూడా డార్ట్‌మండ్ ఆటగాడిదే. నూరీ షాహిన్ 2005లో 16 సంవత్సరాల 335 రోజుల వయసులో తొలి మ్యాచ్ ఆడాడు. కోవిడ్ ఆంక్షల కారణంగా ముకోకో తొలి మ్యాచ్ ప్రేక్షకులు లేకుండానే జరిగింది.

డిసెంబరు 8న రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జెనిత్ జట్టుపై ఆడి, ఛాంపియన్స్ లీగ్‌లో కూడా అతి పిన్న వయస్కుడయ్యాడు. ఈ రికార్డును 2025 నవంబరులో ఆర్సెనల్ ఆటగాడు మ్యాక్స్ డౌమన్ అధిగమించాడు. డిసెంబరు 18న ఊనియన్ బెర్లిన్‌పై ముకోకో తన తొలి బుందెస్‌లీగా గోల్ చేశాడు. 16 సంవత్సరాల 28 రోజుల వయసులో చేసిన ఈ గోల్ ఫ్లోరియన్ విర్ట్స్ అదే సంవత్సరం జూన్‌లో నెలకొల్పిన రికార్డును చెరిపివేసింది. మ్యాచ్‌లో మాత్రం డార్ట్‌మండ్ 1-2తో ఓడింది.

గాయాలు, పోటీ

ముకోకో ఎడమకాలి ఆటగాడు. ప్రత్యర్థి రక్షణ వరుస వెనుకకు వేగంగా దూసుకుపోవడం, తక్కువ చోటులోనే బంతిని గోల్‌వైపు కొట్టగలగడం ఇతడి బలాలు. ఎత్తు 1.80 మీటర్ల లోపే. బాలుర పోటీలలో ఇతడికి ఉన్న వేగం ఒక్కటే చాలా మ్యాచ్‌లను తేల్చివేసేది. పెద్దల పోటీలో రక్షకులు కూడా వేగవంతులు, పైగా బలిష్ఠులు. అందువల్ల గోల్‌కు వీపు పెట్టి నిలబడి బంతిని కాపాడగల దృఢకాయులైన ఫార్వర్డులను శిక్షకులు తరచుగా ఎంచుకుంటారు. హాలండ్ ఉన్నన్నాళ్ళూ ముకోకోకు దక్కినవి ఎక్కువగా మ్యాచ్ చివరి నిమిషాలే. 2021 మార్చిలో 21 ఏళ్ళ లోపువారి జాతీయ జట్టుతో ఉన్నప్పుడు గాయపడి ఆ సీజన్ మిగతా భాగానికి దూరమయ్యాడు. మరుసటి సీజన్ కూడా కండరాల గాయాలతోనే గడిచింది.

2022 వేసవిలో హాలండ్ మాంచెస్టర్ సిటీకి వెళ్ళాడు. అతడి స్థానంలో తీసుకున్న సెబాస్తియాన్ అలే క్యాన్సర్ చికిత్స కోసం ఆటకు దూరం కావలసి వచ్చింది. అప్పుడు క్లబ్బు అనుభవజ్ఞుడైన ఆంథొనీ మొదెస్త్‌ను తెచ్చుకున్నా, ముకోకో క్రమంగా అతడిని దాటి ముందుకు వచ్చాడు. 2022 సెప్టెంబరు 17న చిరకాల ప్రత్యర్థి షాల్క్‌పై తలతో కొట్టి మ్యాచ్‌లోని ఏకైక గోల్ సాధించాడు. రూర్ ప్రాంతంలోని ఈ రెండు క్లబ్బుల పోరుకు ఆ ప్రాంత ప్రజలలో ఉన్న పట్టుదల తెలిసినవారికి ఆ ఒక్క గోల్ విలువ అర్థమవుతుంది.

జాతీయ జట్టు

ఈ ఆటతీరు వల్లనే శిక్షకుడు హాన్సీ ఫ్లిక్ 2022 ప్రపంచ కప్ జట్టుకు ముకోకోను ఎంపిక చేశాడు. నవంబరు 16న మస్కట్‌లో ఒమన్‌పై తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడాడు. 1954లో ఆడిన ఊవె జేలర్ తరువాత జర్మనీ తరఫున అంత చిన్న వయసులో ఆడినవాడు ఇతడే. నవంబరు 23న ఖతర్‌లో జపాన్‌తో జరిగిన మ్యాచ్‌లో 90వ నిమిషంలో ప్రవేశించి, ప్రపంచ కప్‌లో ఆడిన అతి పిన్న వయస్కుడైన జర్మన్‌గా నిలిచాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండి మూడు రోజులే. ఆ మ్యాచ్‌లో జర్మనీ 1-2తో ఓడిపోయింది, ఆపైన తొలి దశలోనే వెనుదిరిగింది.

జాతి దూషణలు

2020 అక్టోబరులో షాల్క్ 19 ఏళ్ళ లోపువారి జట్టుపై మూడు గోల్స్ చేసిన మ్యాచ్‌లో కొందరు ప్రేక్షకులు ముకోకోను దూషించారు. అప్పటికి ఇతడి వయసు పదిహేనేళ్ళు. షాల్క్ క్లబ్బు క్షమాపణ చెప్పింది.

2023 జూన్‌లో 21 ఏళ్ళ లోపువారి యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో ఇజ్రాయెల్‌తో మ్యాచ్ 1-1గా ముగిసింది. ముకోకో, యెస్సిక్ ఎన్‌గాంకమ్ చెరొక పెనాల్టీని వృథా చేశారు. ఆ రాత్రే ఇద్దరు నల్లజాతి ఆటగాళ్ళ సామాజిక మాధ్యమ ఖాతాలలో జాతి దూషణలు వెల్లువెత్తాయి. ముకోకో దీనిపై మౌనం వహించలేదు. గెలిచినప్పుడు తమను జర్మన్లుగా చూసేవారే ఓడినప్పుడు రంగును ఎత్తిచూపుతున్నారని బహిరంగంగా చెప్పాడు. పెనాల్టీ తప్పిపోవడం ఫుట్‌బాల్‌లో మామూలే, ఆ వైఫల్యాన్ని చర్మపు రంగుతో ముడిపెట్టడమే ఇక్కడి అసలు సమస్య. జర్మన్ సమాఖ్య దూషణలను ఖండించింది. డిఫెండింగ్ ఛాంపియన్ అయిన జర్మనీ ఆ పోటీలో గ్రూపు దశ దాటలేదు.

డార్ట్‌మండ్ తరువాత

2023 జనవరిలో ముకోకో డార్ట్‌మండ్‌తో ఒప్పందాన్ని 2026 వరకు పొడిగించుకున్నాడు. ఆ నెలాఖరులోనే చీలమండ గాయమైంది. ఆగస్టులో క్లబ్బు నిక్లాస్ ఫ్యుల్‌క్రుగ్‌ను కొనుగోలు చేయడంతో ఫార్వర్డ్ స్థానానికి పోటీ మరింత పెరిగింది. ఒమన్‌తో మ్యాచ్‌లో రెండో అర్ధభాగంలో ముకోకో స్థానంలో వచ్చి గెలుపు గోల్ చేసినది కూడా ఈ ఫ్యుల్‌క్రుగే. 2023-24లో ముకోకోకు మళ్ళీ ప్రత్యామ్నాయ ఆటగాడి పాత్రే మిగిలింది.

2024 ఆగస్టులో డార్ట్‌మండ్ ఇతడిని ఫ్రాన్స్‌లోని నీస్ క్లబ్బుకు ఒక సీజన్ పాటు అప్పుగా ఇచ్చింది. అప్పు అంటే ఆటగాడి ఒప్పందం సొంత క్లబ్బుతోనే ఉంటుంది, అతడు మాత్రం నిర్ణీత కాలం మరో క్లబ్బుకు ఆడతాడు. శాశ్వతంగా కొనుక్కునే వెసులుబాటు ఉన్నా నీస్ దానిని వినియోగించుకోలేదు. 2025 వేసవిలో డెన్మార్క్‌కు చెందిన ఎఫ్‌సీ కోపెన్‌హాగన్ ఇతడిని శాశ్వతంగా తీసుకుని 2030 వరకు ఒప్పందం కుదుర్చుకుంది. అప్పటికి ముకోకో వయసు ఇరవై ఏళ్ళు. 2025-26 ఛాంపియన్స్ లీగ్‌కు అర్హత పొందిన కోపెన్‌హాగన్ అక్టోబరు 21న సొంత మైదానంలో డార్ట్‌మండ్‌తోనే తలపడి 2-4తో ఓడింది.