ఒక ప్యానెల్‌కు ఎన్ని బోర్డులు?

ప్యానెల్ అనే మాట మన ఉద్యోగుల కుటుంబాలకు కొత్తది కాదు. యూనియన్ ఎన్నికలు వచ్చాయంటే ఈసారి ఏ ప్యానెల్ గెలుస్తుందన్న చర్చ క్వార్టర్లలో ఇంటింటా సాగుతుంది. ఎలక్ట్రానిక్స్ ఉత్పత్తి విభాగంలో మాత్రం ఆ మాటకు అర్థం వేరు. ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డులను ఒక్కొక్కటిగా తయారు చేయరు. గాజునారతో నేసిన గుడ్డను ఎపాక్సీలో తడిపి, పొరలుగా అదిమి, పైన రాగి రేకు అతికించిన పెద్ద పలక మీద అనేక బోర్డులను పక్కపక్కన అమర్చి, అన్నింటినీ ఒక్కసారిగా తయారుచేసి, చివరికి విడదీస్తారు. ఆ పెద్ద పలకే ప్యానెల్. దానిమీద ఏ బోర్డు ఎక్కడ, ఏ దిక్కుగా, ఎంత ఎడంతో ఉండాలో నిర్ణయించడాన్ని మేము ప్యానెల్ కూర్పు అంటున్నాము.

తాను పరచిన దర్జీ కత్తెర పట్టే ముందు ఎంతసేపు ఆలోచిస్తాడో మనకు తెలుసు. ఇక్కడి ఆలోచనా అటువంటిదే. అయితే గజాలకు బదులు మిల్లీమీటర్లు. విరివిగా వాడే ప్యానెల్ కొలత 18 అంగుళాలకు 24 అంగుళాలు, అనగా 457 మి.మీ.కు 610 మి.మీ. పట్టుకోవడానికి, రసాయన తొట్లలో వేలాడదీయడానికి చుట్టూ 25 మి.మీ. అంచు వదిలితే పనికివచ్చే జాగా 407 మి.మీ.కు 560 మి.మీ. మిగులుతుంది. 100 మి.మీ. పొడవు, 80 మి.మీ. వెడల్పు గల బోర్డును ఇందులో అమర్చుదాము. బోర్డుల మధ్య కోత కోసే రౌటర్ ములికి వ్యాసం 2.4 మి.మీ. కనుక అంత ఎడం తప్పదు. బోర్డు పొడవును ప్యానెల్ పొడవు వెంట పెడితే 20 బోర్డులు వస్తాయి. అడ్డం తిప్పితే 18 మాత్రమే. ఎందుకంటే 407 మి.మీ.లలో నాలుగు బోర్డులు, మూడు కోతలు కలిపి 407.2 మి.మీ. అవుతుంది. కేవలం 0.2 మి.మీ. వలన ఒక వరుస మొత్తం పోయినది! బోర్డు పొడవును ఒక్క మిల్లీమీటరు తగ్గించి 99 చేస్తే అదే ప్యానెల్‌లో 24 బోర్డులు పడతాయి. 1200 బోర్డుల ఆర్డరుకు 60 ప్యానెళ్లకు బదులు 50 చాలు. బోర్డు అంచు గీసేటప్పుడు డిజైనరు ఈ చిన్న లెక్క వేసుకొనకపోతే ఆ పది ప్యానెళ్ల రాగి, రసాయనాలు, శ్రమ అన్నీ అనవసరపు ఖర్చే.

ఇంతకంటె పొదుపైన మార్గం మరొకటి కలదు. మైసూరుపాకును పళ్లెంలో పోసి, వేడిగా ఉండగానే గాట్లు పెట్టి, ఆరిన తరువాత విరుచుకోవడం మన ఇళ్లలో అందరూ ఎరిగినదే. అదే విధంగా బోర్డుల సరిహద్దు వెంట పైనుండి, క్రిందినుండి వి ఆకారపు గాడి తీస్తారు. 1.6 మి.మీ. మందం గల బోర్డులో మధ్యన మూడవ వంతు, అంటే సుమారు అర మిల్లీమీటరు మాత్రమే మిగులుతుంది. మధ్యలో ఎడం అక్కరలేదు గనుక మన 100కు 80 బోర్డులు, ఒక్క మిల్లీమీటరు తగ్గించకుండానే, 28 పడతాయి. గాడి తీసే చక్రం ఒక అంచు నుండి రెండవ అంచు వరకు తిన్నగా సాగాలి, నడుమ ఆగలేదు. కాబట్టి దీర్ఘచతురస్రపు బోర్డులకే ఇది అనుకూలం. వంపులు ఉన్న బోర్డులకు రౌటర్ కోతే గతి. అక్కడక్కడ చిన్న వంతెనలు వదిలి, వాటిలో అర మిల్లీమీటరు రంధ్రాలను వరుసగా వేస్తారు. విరిచిన తరువాత అంచు ఎలుక కొరికినట్లు కనిపిస్తుంది కనుక వీటికి ఇంగ్లీషులో మౌస్ బైట్ అనే పేరే స్థిరపడింది. వాడిన పరికరాలను విప్పి చూస్తే ఆ ఎలుక పళ్లు మీకూ కనిపిస్తాయి.

28 బోర్డులు పడుతుంటే 24 బోర్డుల కూర్పు దేనికని గుమాస్తా లెక్కలు చూచేవారు అడగవచ్చు. సమాధానం విరిచే చోట ఉన్నది. బోర్డును చేతితో వంచి విరిచినప్పుడు ఆ వంపు గాడి దగ్గరున్న భాగాలన్నింటికీ తగులుతుంది. చాలా భాగాలు దానిని ఓర్చుకుంటాయి. పింగాణీ పొరలతో చేసిన చిన్న సిరామిక్ కెపాసిటర్ మాత్రం ఓర్చుకోలేదు. దాని అడుగున, లోహపు చివర ముగిసే చోట మొదలై లోపలికి ఏటవాలుగా ఒక సన్నని పగులు పాకుతుంది. అది కంటికి కనిపించదు. పరీక్ష బల్ల మీద బోర్డు చక్కగా పనిచేస్తుంది, ముద్ర వేయించుకుని బయటికి వెళ్తుంది. నెలల తరువాత తేమ ఆ పగులులో చేరి, పొరల మధ్య నిరోధం పడిపోయి, కెపాసిటర్ షార్టవుతుంది. విద్యుత్ సరఫరా తీగల మధ్య ఉన్నదైతే కాలిపోతుంది కూడా. ఆ సమయానికి ఆ పరికరం సరిహద్దు చౌకీలోనో, ఆసుపత్రి మంచం పక్కనో ఉండవచ్చు.

ఇటువంటి లోపం బయటపడినప్పుడు మొదట వేలెత్తి చూపేది విరిచిన చేతినే. షిఫ్టుకు వందల బోర్డులు విరిచే మన సోదరీమణుల మణికట్టు నొప్పి గురించి అడిగేవారు తక్కువ, వారు గట్టిగా వంచారని అనేవారు ఎక్కువ. మా అభిప్రాయంలో ఆ పగులుకు బీజం నక్షాలోనే పడుతున్నది. కెపాసిటర్లను గాడికి కనీసం 5 మి.మీ. దూరంలో, పొడవు గాడికి సమాంతరంగా ఉండేలా అమర్చితే వంపు ప్రభావం బాగా తగ్గుతుంది. చేతితో విరవడానికి బదులు గుండ్రని బ్లేడు గాడి వెంట దొర్లే కోత యంత్రం వాడితే మరీ మంచిది. ఇవి రెండూ కుదరని చోట నాలుగు బోర్డులు తగ్గినా సరే, రౌటర్ కోతే మేలు.

పూర్వం ఈ వివాదానికి తావు తక్కువ. డిజైనర్లు పారదర్శకమైన ఫిల్ము మీద నల్లటేపు అంటించి, రెండింతలు లేదా నాలుగింతలు పెద్దగా నమూనా తయారు చేసేవారు. దానిని కెమెరాతో కుదించి, ఒకే బొమ్మను జరుపుతూ మళ్లీ మళ్లీ ముద్రించి ప్యానెల్ నింపేవారు. ఆ పని ఫోటో విభాగానిది. అప్పట్లో భాగాలకు పొడవాటి కాళ్లుండేవి, కొంత వంపు ఆ కాళ్లే భరించేవి. ఉపరితలం మీదనే టంకం పడే భాగాలు వచ్చాక ఆ వెసులుబాటు పోయింది.

యంత్రాలకూ వాటి కోరికలు వాటికున్నాయి. ప్యానెల్‌ను పట్టాల మీద నడిపించడానికి ఇరువైపులా 5 నుండి 10 మి.మీ. పట్టీలు కావాలి. భాగాలను అమర్చే యంత్రపు కన్ను తన స్థానం తెలుసుకోవడానికి ఆ పట్టీల మీద ఒక మిల్లీమీటరు రాగి చుక్కలుంచాలి. చుట్టూ పచ్చ పూత తగలకూడదు. వీటికి ఫిడ్యూషియల్స్ అని పేరు. మూడు మూలల్లో పెట్టి నాలుగవది వదిలితే, ఎవరైనా ప్యానెల్‌ను తలక్రిందులుగా పెట్టినా యంత్రం గుర్తించి ఆగిపోతుంది. ఇక బోర్డులు లేని ఖాళీ చోట్లలో కూడా రాగి చుక్కలు నింపుతారు. ఇది అలంకారం కాదు. రాగి ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ అయితే లేపనం సమంగా పడదు, కొలిమిలో పలక అప్పడంలా వంగుతుంది.

ఒకే పరికరానికి కావలసిన వేరువేరు బోర్డులను ఒకే ప్యానెల్‌లో కూర్చడమూ ఉన్నది. రకాలు ఎక్కువ, సంఖ్య తక్కువ ఉండే మనవంటి సంస్థలకు ఇది ఆకర్షణీయంగా తోస్తుంది. దీనిని ఫ్యామిలీ ప్యానెల్ అంటారు. కుటుంబాలలో వలెనే ఇందులోనూ చిక్కులుంటాయి. ఒక బోర్డు పాడైతే మిగిలినవి తోడు లేక అలమారలో పడి ఉంటాయి. అధిక సంఖ్యలో తయారుచేసే వాటికి మేము దీనిని సూచించము.

చివరిగా ఆ అంచుల సంగతి. బోర్డులు విడిపోయాక మిగిలిన పట్టీ చెత్తబుట్టలో పడుతుందని అనుకుంటారు. కాని అందులో ఒక చిన్న ముక్కను ముందే కేటాయించి ఉంచుతారు, దానిని కూపన్ అంటారు. బోర్డులో ఉన్నటువంటి రంధ్రాలే దానిలోనూ ఉంటాయి, అదే తొట్టిలో అదే రాగి వాటికీ ఎక్కుతుంది. ఆ ముక్కను కోసి, రెసిన్‌లో పోత పోసి, నునుపుగా సానబట్టి, సూక్ష్మదర్శిని క్రింద రంధ్రపు గోడ మందం కొలుస్తారు. సగటున 20 నుండి 25 మైక్రాన్ల రాగి ఉండాలి. రక్షణ శాఖ ఆర్డర్లలో ఆ గాజుబిళ్లవంటి ముక్కకు ప్యానెల్ సంఖ్య వేసి పెట్టెలో భద్రపరుస్తారు. ఎప్పుడైనా బోర్డు మీద ఫిర్యాదు వస్తే మొదట తీసేది ఆ పెట్టెనే.