మీకు తెలుసా? మునిగే పిల్లలు కేక వేయరు

నీళ్లలో మునుగుతున్న పసివాడు సినిమాల్లోలా చేతులూపి అరవడు. నోరు పైకి తేలిన ఆ క్షణం ఊపిరి పీల్చుకోవడానికే చాలదు, ఇక పిలుపెక్కడ వస్తుంది? పెరటి వెనకే కాలువ పారే కోనసీమలో చెవుల్ని నమ్ముకుంటే చాలదు. చంటిపిల్లల్ని చేతికందే దూరంలోనే ఉంచుకోవాలి.

2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర పడవ బోల్తాపడి బడిపిల్లలు గోదావరిలో గల్లంతయ్యారు. ఆ కడుపుకోత మరే లంకకూ వద్దు. రేవు దాటే ప్రతి బిడ్డకూ లైఫ్ జాకెట్ ఉండాల్సిందే.

ఎవరైనా కాలువలో పడితే ఈత రానివాళ్లు దూకొద్దు. గట్టు మీద బోర్లా పడుకుని పొడవాటి కొబ్బరిమట్ట అందించండి. అందకపోతే మూత బిగించిన ఖాళీ నూనె డబ్బాకు తాడు కట్టి విసరండి. ఈ సంగతి మీ పిల్లలకూ ఇవాళే చెప్పండి.