సెలీనియము మాత్రలు – మధుమేహము

ఆర్మూరు ప్రాంతమున పసుపు త్రవ్వకము మొదలైనచో ఇల్లాలికి తన యొంటి సంగతి తలంపునకు రాదు. దుంపలు ఉడికించి, ఎండబెట్టి, కొమ్ములు ఏరి ముగించునప్పటికి వేసవి వచ్చును. నలుబది యేండ్లు దాటిన పిమ్మట కలుగు అలసటను, దాహమును, మాటిమాటికి మూత్రమునకు పోవుటను ఎండకును పనికిని అంటగట్టి ఊరకుందురు. లేదా మందుల దుకాణమున బలమునకని, జుట్టు రాలకుండుటకని అమ్ము మాత్రల డబ్బీ యొకటి తెప్పించుకొందురు. అట్టి డబ్బీలలో అనేకముల మీద సన్నని యక్షరములతో సెలీనియము అను పేరుండును. దానిని గూర్చియే మా సోదరీమణులకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

సెలీనియము ఒక మూలద్రవ్యము. 1817లో స్వీడను దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు బెర్జీలియసు దీనిని కనుగొని, గ్రీకుల చంద్రదేవత పేరు పెట్టెను. ఇది మన శరీరమునకు కావలసినదే, కాని మిక్కిలి స్వల్పముగ. భారత వైద్య పరిశోధన మండలి చెప్పిన లెక్క దినమునకు 40 మైక్రోగ్రాములు. అనగా గ్రామును పదిలక్షల భాగములు చేసి, అందు నలుబది భాగములు. ధాన్యము, గ్రుడ్లు, చేపలు, మాంసము వలన ఇది లభించును. ధాన్యమున ఎంత యుండునో పండిన నేలను బట్టి యుండును గాన, జొన్నరొట్టెను చూచి ఎవరును చెప్పజాలరు. చైనాలోని కేషాన్ ప్రాంతమున ఇది చాలక గుండెజబ్బు వచ్చెను. పంజాబులోని నవాఁషహర్, హోషియార్‌పూర్ ప్రాంతములలో కొన్ని పొలముల మట్టిలో ఇది మితిమీరి, జనులకు జుట్టు రాలుట, గోళ్లు పెళుసగుట కనబడినది. జుట్టు కొఱకు మ్రింగునది జుట్టునకే చేటగుట వింత కాదా!

ఇక మధుమేహము మాట. చర్మపు క్యాన్సరు మరల రాకుండునా యని అమెరికాలో కొందఱికి దినమునకు 200 మైక్రోగ్రాముల సెలీనియమును, కొందఱికి ఉత్త మాత్రను ఇచ్చి చూచిరి. వారిలో మొదట మధుమేహము లేని 1,202 మందిని సుమారు 7.7 ఏండ్లు గమనింపగా, సెలీనియము తిన్నవారిలో 58 మందికి, ఉత్త మాత్ర తిన్నవారిలో 39 మందికి ఆ వ్యాధి వచ్చినట్లు 2007లో ప్రకటించిరి. రెండు పక్షములును ఇంచుమించు సమానమే. అయితే అందు మగవారే హెచ్చు. స్త్రీల సంగతి 2010లో ఉత్తర ఇటలీనుండి తెలిసినది. 7,182 మందిని 16 ఏండ్లు గమనింపగా, ఆహారమున సెలీనియము మిక్కిలి హెచ్చుగ తిన్నవారిలో, తక్కువ తిన్నవారికంటె, ఈ వ్యాధి రెండింతలకు పైగా కనబడెను. ఇది తిండి లెక్క. తిండితో పాటు వేఱు కారణములుండవచ్చును గాన, నేరమంతయు సెలీనియముదే యని తీర్పు చెప్పుటకు మాకు మనసొప్పదు. 35,000 మందికి మించిన మగవారిపై జరిగిన మఱియొక పరీక్షలో ఈ హెచ్చు నిశ్చయముగ తేలలేదు కూడ. కాని ఈ మూడింటిలో ఒక్కటియు ఆ మాత్ర మధుమేహమును ఆపినదని చూపలేదు.

ముప్పది యేండ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో చక్కెర పరీక్ష ఉచితముగ చేయుదురు. ఆశ కార్యకర్త నడిగిన దారి చూపును. పరగడుపున 126 మిల్లీగ్రాములు, అంతకు మించి రెండుమార్లు తేలినచో అది మధుమేహమే. 100 మొదలు 125 వఱకు నున్నను వైద్యునితో మాటాడవలెను. పోవునప్పుడు ఆ మాత్రల డబ్బీనికూడ వెంట గొనిపోయి చూపుడు. మధుమేహమునకు వైద్యుడిచ్చిన మందు మాత్రము, ఈ బలపు మాత్ర యున్నదిగదా యని, ఒక్కపూటయైనను మానవలదు.